ట్యాంకులో చేటెడు వడ్లు

మా ఊర్లో ఎవరిని అడిగినా ఒకటే కథ చెబుతారు. ఆ ఇంటి చిన్నకోడలు కోతమిషన్ ట్యాంకును ఒక్క గింజ మిగలకుండా ఊడ్చేసింది, లక్ష్మి అలిగి వెళ్లిపోయింది, ఖాళీ పడ్డ చోటికి ఎలుకలు వచ్చాయి, వైర్లన్నీ కొరికేశాయి, నిండు కోతల్లో మిషన్ షెడ్డులోనే నిలబడిపోయింది. ఈ కథ నేను పిండిమిల్లు దగ్గర విన్నాను. పెళ్లిభోజనాల్లో విన్నాను. ఎమ్మిగనూరు నుంచి కంప్లి పోయే బస్సులో నా వెనక సీట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు, నేనెవరో తెలియక, నా చెవి పక్కనే చెప్పుకున్నారు.

"చదువుకున్నామె అంట గదా" అంది ఒకామె.

"అందుకే మల్ల" అంది రెండో ఆమె.

నేను వెనక్కి తిరిగి, "ఆమె నేనే. ఇంకా ఏమన్నా ఉండాదా చెప్పేది?" అన్నాను. ఇద్దరూ స్టాపు రాకముందే లేచి డోరు దగ్గర నిలబడ్డారు.

ఆ కథలో ఒక్క ముక్క నిజం. ట్యాంకు ఊడ్చింది నేనే. రేపు మిషన్ షెడ్డు బీగంచెవులు నా చేతికి వస్తే మళ్లీ ఊడుస్తాను. తక్కినదంతా అబద్ధం, అదీ అందరికీ సుఖంగా ఉండే రకం అబద్ధం. నోటితో చెబుదామంటే మా ఇంట్లో ఎవరూ నన్ను రెండో వాక్యం దాకా పోనివ్వరు. "ఆయితు బిడు" అంటారు. అయిపోయిందిలే, వదిలెయ్యి అని. ఈ కన్నడం మాట మా ఆయనకు ఊతపదం. కాగితం మాత్రం నన్ను బిడమనదు, అందుకని రాస్తున్నాను.

ముందు మిషన్ సంగతి చెప్పాలి. మాది బళ్ళారి జిల్లాలో, ఎమ్మిగనూరు దగ్గర వరి పండే ఊరు. మా ఆయనా, ఆయన అన్నా కలిసి ఒక వరికోత మిషన్ తీసుకున్నారు. పెద్ద ఏనుగంత ఉంటుంది. ముందువైపు వరిని కోసి లోపలికి లాక్కుంటుంది, కడుపులో నలుపుతుంది, గడ్డి వెనకనుంచి పడేస్తుంది, వడ్లు పైకెక్కి ట్యాంకులో చేరతాయి. ఆ ట్యాంకు ఎంత పొడుగు మనిషికైనా తలకంటే పైన ఉంటుంది. చూడాలంటే పక్కనున్న ఇనుప నిచ్చెన ఎక్కాలి. ఆ నిచ్చెన గుర్తుపెట్టుకోండి. మా ఇంట్లో అందరూ మరిచిపోయింది దాన్నే.

దీపావళి తర్వాత వానకారు పంటకు ఒక విడత, ఎండలు ముదిరాక వేసవి పంటకు ఒక విడత మిషన్ తిరుగుతుంది. తక్కిన నెలలన్నీ షెడ్డులోనే. తిరిగే మిషన్ను అందరూ చూసుకుంటారు. డ్రైవరు తుడుస్తాడు, ఊరి పిల్లలు ఎక్కి ఫోటోలు దిగుతారు. నిలబడ్డ మిషన్ను ఎలుకలు చూసుకుంటాయి.

దాని బాధ్యత నాకు రావడానికి కారణం నా ప్రేమ కాదు, అన్నదమ్ములిద్దరి బద్ధకం. ఎవరి చేను ఎప్పుడు కోయాలో రైతులు ఫోన్ చేసి అడుగుతారు. బావ ఫోన్ తీయడు. మా ఆయన తీస్తాడు గానీ అందరికీ "రేపే" అంటాడు. ఒకే రోజు పొద్దున నాలుగు ఊర్ల నుంచి ట్రాక్టర్లు వచ్చి ఇంటి ముందు నిలబడ్డాక, ఇద్దరూ నా వైపు చూశారు. అప్పటి నుంచి ఫోన్ నాది, వరస నాది, షెడ్డు బీగాలు నావి. రైతులు నన్ను మిషనక్క అనేవాళ్లు. బళ్ళారిలో బీకాం చదివినప్పుడు ఎవరూ నన్ను ఏ పేరుతోనూ గుర్తుపట్టలేదు. ఈ పేరు నాకు నచ్చింది. నచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఎలుకల సంగతి నాకు కొత్త కాదు. మా నాయన బళ్ళారి మార్కెట్లో ఒక ధాన్యం గోదాములో పని చేసేవాడు. నా చిన్నతనమంతా ఆ మూటల మధ్యే. మూటలు నేలమీద పెట్టకూడదు, చెక్కల మీద పెట్టాలి. గోడకు ఆనించకూడదు, మనిషి నడిచేంత సందు వదలాలి. సాయంత్రం షట్టరు దించేముందు నేలమీద ఒక్క గింజ ఉండకూడదు. మా నాయన ఈ పని ఎలుకల మీద కోపంతో చేసేవాడు కాదు. "తిండి లేని చోటికి అది మాత్రం యాల వస్తాది, దానికేం మనమీద పగనా?" అనేవాడు. అంతే. అందులో శాస్త్రమూ లేదు, దేవుడూ లేడు.

మా అత్తగారింట్లో పద్ధతి వేరు. మొదటి ఏడాది మిషన్ను గడ్డివాము పక్కనే నిలబెట్టారు. వేసవి వచ్చేసరికి డ్రైవరు సీటులో స్పాంజి లేదు, ఎలుకపిల్లలున్నాయి. బావ ఇంజన్ మీద పొగాకు కాడలు పరిచాడు. ఎలుకలు ఆ కాడలతోనే గూడు కట్టుకున్నాయి. తర్వాత బట్టల పెట్టెలో వేసే డాంబరు గోళీలు చల్లాడు. షెడ్డులోకి పోతే మనకు తల తిరిగేది, ఎలుకలకు ఏమీ కాలేదు. ఆ తర్వాత మందు పెట్టాడు. ఒక ఎలుక తిని, బయటికి వచ్చి చావకుండా, వడ్లు పైకెక్కే గొట్టంలోకి పోయి చచ్చింది. సీజనుకు వచ్చిన డ్రైవరు మిషన్ ఆన్ చేసి, వాసన పీల్చి, దిగి, చేలో అన్నం తినలేదు ఆ పూట. చివరికి బావ క్యాబిన్లో వినాయకుడి పటం పెట్టి, "ఆయన బండే గదా, ఆయనే చూసుకుంటాడు" అన్నాడు.

"ఆయన బండికి ఆయనే కాపలా అయితే, మన బండికి ఎవరు బావా?" అన్నాను. బావకు కోపం వచ్చింది. మా ఆయన "ఆయితు బిడు" అన్నాడు.

బీగాలు నా చేతికి వచ్చాక నేను చేసింది ఇంతే. మిషన్ను గడ్డివాముకు దూరంగా సిమెంటు నేల మీద పెట్టించాను. పంచరు షాపు నుంచి గాలిమిషన్ తెప్పించి, మూలమూలల్లో ఇరుక్కున్న తాలూ దుమ్మూ గింజలూ ఊదించాను. వైర్లు లోపలికి పోయే కంతల్లో గిన్నెలు తోమే ఇనుప పీచు కుక్కాను. పొగగొట్టం మూతికి డబ్బా బోర్లించాను, వడ్లు బయటికి పోసే పొడుగు గొట్టం మూతికి ఇనుప జాలీ కట్టాను. షెడ్డు చుట్టూ గడ్డి కోయించాను. నాలుగు చక్రాల దగ్గర నాలుగు బోన్లు పెట్టాను, పొద్దున్నే చూసేదాన్ని. కొంగు బిగించి, నిచ్చెన ఎక్కి, ట్యాంకులోకి దిగి, చీపురుతో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, పైన పట్ట కప్పి, మా నాయన మూటలకు వేసే ముడి వేసి బిగించాను.

గొడవంతా ఆ చీపురు దగ్గర మొదలైంది.

మా అత్త షెడ్డు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. ఆమెకు మోకాళ్లు పట్టేసి చాలా ఏళ్లయింది. ఇంట్లో మిద్దె మెట్లు నాలుగు కూడా ఎక్కదు. పైనుంచి చీపురు చప్పుడు వినిపించేసరికి అరిచింది.

"మే, యాల ఊడుస్తాండావు ట్యాంకును?"

"ఎలుకలకు, అత్తా."

"చాటెడు వడ్లన్నా అట్ల ఉండనీ. గాదె అడుగంటా ఊడిస్తే ఆ ఇంట్లో లక్ష్మి నిలబడ్తాదా?"

"ఇది గాదె కాదు గదత్తా. మిషను."

"వడ్లు యాడ చేరితే అదే గాదె. ఇంటిగాదె తీసేసి మిషను తెచ్చుకున్నారు. ఇప్పుడు ఇదే మాకు గాదె."

ఆ మాటకు నేను చీపురు ట్యాంకు గోడకు ఆనించాను. ఎందుకంటే ఆమె చెప్పింది తెలివితక్కువ మాట కాదు. మా ఇంట్లో గాదె తీసేసి ఆ స్థలంలో ఫ్రిజ్ పెట్టినప్పుడు ఆమె వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. గాదెలో చేటెడు వడ్లు మిగల్చడం ఆమె అత్త దగ్గర నేర్చుకుంది. నేను కూడా బియ్యం డబ్బా అడుగంటా ఊడ్చను, ఒక పిడికెడు ఉండగానే కొత్త బియ్యం పోస్తాను. కానీ ఆ గాదె రాళ్ల మీద ఉండేది. పేడతో అలికేవాళ్లు, కంత కనబడితే ఆ రోజే మెత్తేవాళ్లు, కింద పిల్లి తిరిగేది. అడుగున ఇన్ని వడ్లు, వాటి చుట్టూ అంత కాపలా. కాపలా అంతా వదిలేసి వడ్లు మాత్రం ఉంచుకున్నారు మావాళ్లు. అదీ, పక్కనే ఇంజను, కిందనే వేళ్లంత లావు వైర్ల కట్ట ఉన్న చోట.

దిగివచ్చి ఆమె దగ్గర గొంతు కూర్చుని మెల్లగా చెప్పాను. "అత్తా, చాటెడు వడ్లు స్టీలు డబ్బాలో పోసి, మూత బిగించి, షెడ్డులో దేవుని పటం కింద పెడ్తా. మిషన్ దగ్గరే ఉంటాయి. ఎలుకలకు అందవు. సరేనా?"

"డబ్బాలో మూతేసి పెడితే లక్ష్మికి ఊపిరి యాడాడతాది?" అంది.

బావ అప్పుడే వచ్చాడు. "అమ్మ చెప్పింది వినమ్మా. చాటెడు వడ్లకు ఏం మునిగిపోతాది?"

"ఈ రాత్రి మీ పరుపు మీద చాటెడు వడ్లు పోసుకోని పండుకోండి బావా. పొద్దున మీ చెవులు రెండూ ఉంటే అప్పుడు మాట్లాడదాం."

గోడ అవతల వింటున్న పక్కింటి వాళ్లు నవ్వారు. బావ నవ్వలేదు. అది ఆయన మరిచిపోలేదని నాకు తర్వాత తెలిసింది.

మాటలు ఎన్ని పడ్డా నా పద్ధతే సాగింది. ఆ తర్వాత మిషన్ షెడ్డులోంచి తీసిన ప్రతిసారీ బీగం తిప్పగానే స్టార్టయింది. సీటు సీటుగానే ఉంది. ఎవరూ "బాగా చూసుకున్నావమ్మా" అనలేదు. మిషన్ బాగుంటే అది మిషన్ గొప్ప. పాడైతే నా పాపం.

పోయిన ఏడాది ఆయుధ పూజకు మిషన్ను బయటికి తీశారు. కడిగారు, అరటి పిలకలు కట్టారు, బంతిపూల దండ వేశారు, గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. బొరుగులూ పుట్నాలూ బెల్లమూ కలిపి మిషన్ మీదా మనుషుల మీదా చల్లారు. పూజ నేనూ చేశాను. హారతి నా చేతుల మీదే అయింది. అది అయ్యాక సాయంత్రం దాకా ఒక్కో బొరుగు ఏరింది కూడా నేనే. ఏరి ఆవులకు వేసి, గాలి పట్టించి, మళ్లీ సిమెంటు మీద నిలబెట్టించి, పట్ట కప్పి, ముడి వేశాను. ఆ రోజు ట్యాంకులో ఒక్క గింజ లేదు. తుడిచిన గుడ్డ నా చేతిలోనే ఉంది.

తర్వాత మా అమ్మకు కంటి ఆపరేషన్ అంటే బళ్ళారి పోయాను. దీపావళి దగ్గరపడేదాకా అక్కడే ఉన్నాను. షెడ్డు బీగంచెవి నాతోనే ఉంది, హ్యాండ్‌బ్యాగులో. ఆ బీగానికి ఇంకో చెవి కూడా ఉంది. అది మా ఆయన బైకు బీగాల గుత్తిలో ఉంటుంది.

తిరిగి వచ్చాక మొదటి పని షెడ్డు తీసి చూశాను. బోన్లలో పెట్టిన కొబ్బరిముక్క ఎండి అట్లాగే ఉంది. ఏ ఎలుకా ముట్టలేదు. నేలమీద పెంటికలు లేవు. పట్ట ముందు వైపు నేను కట్టినట్టే ఉంది. "పైకెక్కి చూసుండాల్సింది" అని ఇప్పుడు అందరూ నాకు చెబుతారు. నేనే తుడిచి నేనే మూసి బీగమేసిన దాన్లో వడ్లు ఉన్నాయేమోనని నేనెందుకు ఎక్కి చూస్తాను? కొబ్బరి ఎందుకు ముట్టలేదో నాకు తర్వాత తెలిసింది. పైన విందు నడుస్తుంటే కింద ఎండు కొబ్బరి ఎవరికి కావాలి?

కోతలు మొదలయ్యే రోజు డ్రైవరు వచ్చాడు. బ్యాటరీ బిగించాడు. బీగం తిప్పాడు. ఏమీ లేదు. ఇంజను మూలగను కూడా లేదు. లైట్లు వేశాడు, వెలగలేదు. హారన్ కొట్టాడు, మోగలేదు. మొదటి చేను రైతు ట్రాక్టరుతో గేటు బయటే నిలబడి ఉన్నాడు. రెండో చేను ఆయన ఫోన్ చేస్తున్నాడు. నా చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది, నేను డ్రైవరు ముఖం చూస్తున్నాను.

కంప్లి నుంచి మెకానిక్కు వచ్చి ఇంజను పక్క రేకు విప్పాడు. వైర్ల కట్ట చేత్తో పట్టి లాగితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. దాన్ని ఎత్తి నాకు చూపించాడు.

"ఇది వైరింగ్ కాదక్కా, శావిగె. పాలూ బెల్లమూ పోసి సేమ్యాలాగా వడ్డించుకోవచ్చు."

"నవ్వేది తర్వాతప్పా. ఎన్ని రోజులు పడ్తాది?"

"పూర్తి కట్ట మార్చాల. యాడ దొరుకుతాదో చూడాల. డీజిలు పైపులూ కొరికిండాయి. ఎయిర్ ఫిల్టరు లేనే లేదు, గూడు కట్టుకోని పోయిండాయి." అని ఆగి, "అయినా ఎలుకను మీరు బోన్లు పెట్టి కొడ్తాండారంట గదా. దేవుని వాహనం అక్కా అది" అన్నాడు. కంప్లి నుంచి రావడానికి ముందే కథ ఆయన చెవిలో పడింది.

సీజనంతా పోయింది. ఆ కట్ట దొరకడానికి పట్టిన రోజుల్లో గంగావతి నుంచి వచ్చిన మిషన్లు మా రైతుల చేలన్నీ కోసేశాయి. మా సొంత చేను చివరిదాకా ఆగింది. నడుమ ఒక వాన పడింది, వరి పడిపోయింది, వెన్నులోనే మొలక వచ్చింది. కోతమిషన్ ఉన్న ఇల్లు, పక్క ఊరి మిషన్ కోసం గట్టు మీద నిలబడి చెయ్యి ఊపింది. ఆ గట్టు మీద నేనూ ఉన్నాను.

మెకానిక్కు రేకు విప్పిన రోజు సాయంత్రమే వాకిట్లో పంచాయితీ. అత్త కుర్చీలో, బావ గుమ్మం దగ్గర, మా ఆయన తులసికోట పక్కన నిలబడి చెప్పు కాలితో సర్దుకుంటున్నాడు. ఎంతసేపు సర్దుకున్నాడో, అదేమీ తెగిన చెప్పు కూడా కాదు.

"నేను అప్పుడే చెప్తి" అంది అత్త. "లక్ష్మిని చీపురుతో ఊడ్చింది."

"బీగాలియ్యమ్మా" అన్నాడు బావ, చెయ్యి చాచి. "ఇది ఆడోళ్లు చూసే పని కాదు. నేను చూసుకుంటా."

"ఇన్నిసార్లు సీజను ఎవరు నడిపినారు బావా? అప్పుడు నేను మొగోణ్ణా?"

"మాటలు బాగానే వస్తాయి. మిషనే రాదు."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన నోరు తెరిచాడు. "ఆయితు బిడు, ఇచ్చేయ్" అన్నాడు.

ఇచ్చేశాను. బావ చేతికి కాదు, అత్త ఒళ్లో పడేశాను. "నువ్వే నడుపత్తా" అన్నాను. బావ వంగి ఆమె ఒళ్లోంచి తీసుకుని మొలతాడుకు కట్టుకున్నాడు.

మర్నాడు మెకానిక్కు పని చేస్తుంటే షెడ్డు తెరిచి ఉంది. ఎవరినీ అడగకుండా నిచ్చెన ఎక్కాను. గోడ వైపు పట్ట మూల ఒకటి ఊడి వేలాడుతోంది. ఆ మూలకున్న తాడు ముడి నాది కాదు. ఎద్దును కట్టేసే ముడి అది. మా మామ ఇద్దరు కొడుకులకూ నేర్పించిన ముడి. ట్యాంకులోకి వంగి చూశాను. అడుగంతా ఊక. గింజ తిని పొట్టు వదిలాయి, చాలా శ్రద్ధగా. ఒక మూల గూడు: ఫిల్టరు కాగితం, సీటు స్పాంజి, ఎర్రవీ పచ్చవీ నల్లవీ వైరు తొక్కలు, రంగురంగులుగా, పండగ తోరణంలాగా. గోడకు, నేను తడిగుడ్డతో తుడిచిన ఇనుప గోడకు, పసుపు కుంకుమ బొట్టు. ఇంకా రాలను కూడా లేదు.

పిడికెడు ఊక పట్టుకుని దిగి, నేరుగా వాకిట్లోకి పోయి అత్త ముందు పోశాను.

"ఇదేందత్తా?"

ఆమె తొణకలేదు. "నేనే పోయించినా. నువ్వు బళ్ళారి పోయినప్పుడు మంచి రోజు చూసి చాటెడు వడ్లు పోయించినా. అన్నాళ్లు ఖాళీ పెడ్తివి గదా, ఆ దోషం పోవల్లని."

"ఆ వడ్లు తినను వచ్చి ఎలుకలు వైర్లు కొరికినాయి. కనబడ్లేదా?"

"నేను పోసేటప్పటికే దోషం ముదిరిపోయిండాది. అందుకే పని చెయ్యలేదు."

దీనికి ఎవరైనా జవాబు చెప్పగలిగితే నాకు చెప్పండి. నేను బీకాంలో లెక్కలు చదివాను. నా తప్పుకు శిక్ష ఎలుకలు. ఆమె పోసిన వడ్లు ఆ శిక్షకు మందు. మందు పని చెయ్యకపోతే అది కూడా నా తప్పు లోతు చూపిస్తుంది. ఎటు తిప్పినా నా మీదికే వస్తుంది.

అప్పుడు అడిగాను. "సరే అత్తా, నువ్వు పోయించినావు. నీ మోకాళ్లతో నువ్వు ఎక్కలేవు. నిచ్చెన ఎక్కింది ఎవరు?"

"ఎవరైతే ఏంది?"

"షెడ్డు బీగం నా దగ్గరుండింది. ఇంకోటి మీ చిన్నకొడుకు బైకు గుత్తిలో ఉండింది. తీసింది ఎవరు, ఎక్కింది ఎవరు, పట్ట విప్పి మళ్ల సరిగ్గా కట్టకుండా దిగింది ఎవరు?"

"లక్ష్మి పని చేసినోళ్ల పేర్లు బయట చెప్పగూడదు" అంది అత్త. అని, వక్క కత్తిరించడం మొదలుపెట్టింది.

నాకు ఆమె మీద కోపం సగమే. ఆమె ఏం చేసిందో చెప్పింది, ఎందుకు చేసిందో చెప్పింది, అందరి ముందూ చెప్పింది. తప్పో ఒప్పో ఆమె నమ్మింది. ఆ నిచ్చెన ఎక్కిన మనిషి సంగతి అది కాదు. ట్యాంకు ఎంత శుభ్రంగా ఉందో ఆ మనిషి కళ్లతో చూశాడు. నేను తుడిచిన గోడకు బొట్టు పెట్టాడు. చేట బోర్లించాడు. దిగివచ్చి, తర్వాత వాకిట్లో పంచాయితీ జరుగుతుంటే, నా చేతిలోంచి బీగాలు పోతుంటే, అక్కడే నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్క మాట అని ఉంటే, "ట్యాంకులో వడ్లు పోసింది మేమే" అని ఉంటే, ఊర్లో ఈ కథ పుట్టేదే కాదు. బీగాలు నా నడుముకే ఉండేవి.

బావను అడిగాను. "నాకేం తెల్సు? అమ్మనడుగు" అన్నాడు. మా ఆయనను అడిగాను. ఏమన్నాడో వేరే రాయనక్కర్లేదు.

వేసవి పంటకు మిషన్ను బావ నడిపించాడు. రైతులు ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తారు, నంబరు వాళ్ల దగ్గర మిషనక్క అనే పేరుతో ఉంది గనక. "మా బావనడగండప్పా" అంటాను. "ఆయప్ప ఫోన్ తీయడు గదక్కా" అంటారు. "నాకూ తీయడు" అంటాను.

మొన్న మిషన్ను మళ్లీ షెడ్డులో పెట్టారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తూ చూశాను. బావ దాన్ని గడ్డివాముకు దూరంగా సిమెంటు నేల మీద పెట్టించాడు. గాలిమిషన్ తెప్పించాడు. మా వంటింట్లోంచి ఇనుప పీచు తెప్పించుకుని కంతల్లో కుక్కాడు. పొగగొట్టం మీద డబ్బా బోర్లించాడు. తర్వాత నిచ్చెన ఎక్కి, చీపురు తీసుకుని ట్యాంకు ఊడ్చాడు. అడుగంటా. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్త ఒక్క మాట అనలేదు. ఊడ్చి దిగివచ్చి, చేటెడు వడ్లు ఒక స్టీలు డబ్బాలో పోసి, మూత బిగించి, పటం కింద పెట్టాడు.

"ఇట్ల చేస్తే లక్ష్మీ ఉంటాది, ఎలుకలూ రావు" అన్నాడు, చూడ్డానికి వచ్చిన పక్కింటాయనతో.

"బాగా ఆలోచించినావప్పా" అన్నాడు పక్కింటాయన.

"వాడు మొదట్నుంచి అంతే" అంది అత్త. "తెలివిగలోడు."

నేను పిండుతున్న చీర బకెట్టులో వదిలేసి గోడ దగ్గరికి పోయాను. "ఏమత్తా, డబ్బాలో లక్ష్మికి ఊపిరాడతాండాదా ఇప్పుడు?"

"మూతకు రెండు కంతలు పెట్టినాడు" అంది. రెండు కంతలు! సూదితో పొడిచినంతవి. వాటితో నా మాట ఆయన మాటైపోయింది.

అంటే నేను చెప్పిన ప్రతిదీ వాళ్లు ఒప్పుకున్నారు. నేల, గాలి, పీచు, చీపురు, డబ్బా. నన్ను తప్ప. ఊర్లో కథ మారలేదు. మారకపోగా దానికి ఇప్పుడు చక్కని ముగింపు కూడా వచ్చింది: చిన్నకోడలు పాడు చేస్తే పెద్దకొడుకు బాగు చేశాడు.

ఆ మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చాడు. బైకు బీగాల గుత్తి టేబుల్ మీద పెట్టాడు. షెడ్డు బీగంచెవి ఇంకా దాంట్లోనే ఉంది, పాత ఇత్తడిది, అరిగి పసుపుపచ్చగా. సంగటి ముద్ద వడ్డించాను, పులుసు పోశాను. ఆ గుత్తిని ఆయన కంచం పక్కకు జరిపాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ముద్ద తుంచాడు. ఈసారి ఆయితు బిడు అనకముందే అడిగాను. అప్పుడు జవాబు రాలేదు, ఇది రాసేనాటికీ రాలేదు. అందుకే ఇక్కడ మళ్లీ అడుగుతున్నాను. ఇది చదివే మా ఊరి వాళ్లందరి ముందూ అడుగుతున్నాను.

ఏమప్పా, ఆ రోజు చేట పట్టుకుని నిచ్చెన ఎక్కింది నువ్వేనా, లేకపోతే మీ అన్న చేతికి ఈ బీగమిచ్చి కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నావా?